సూక్ష్మజీవుల కొవ్వుపొర

హవేలిఘనపూరు మొదలుకొని పోచారము చెఱువు వఱకు గల పల్లెలలో పుష్యమాసపు తెల్లవాఱుజామున నేతిగిన్నె మూత తీసి చూచిన పెద్దలకు, నేనీ దినము చెప్పనున్న సంగతిలో సగము మునుపే తెలిసియున్నది. నేయి గట్టిపడి గరిటెకు లొంగదు. దాని ప్రక్కనే యున్న నువ్వులనూనె, కుసుమనూనె మాత్రము ఎప్పటివలెనే జాఱుచుండును. చలి రెంటికిని సమానమే, గుణములు వేఱు. ఈ భేదమునకు గల కారణమే కంటికగపడని సూక్ష్మజీవుల బ్రదుకునకును ఆధారమై యున్నదని చెప్పుట నేటి నా ప్రయత్నము. తుదకీ సంగతి కోళ్లకు వేయు దాణాసంచి దాకను, ఆసుపత్రిలో ప్రాణాపాయమున నున్న రోగి మంచము దాకను పోవును. కావున మొదటి భాగమున కొంత రసాయనశాస్త్రము దొర్లినను ఓపికతో వినవలెనని కోరుచున్నాను.

సూక్ష్మజీవి యనగా ఒకేయొక కణము. మన ప్రేవులయందు నివసించు ఈకొలై యను దానినే తీసికొందము. దాని పొడవు మిల్లీమీటరులో ఐదువందలవ వంతు. ఆ చిన్ని దేహము చుట్టును ఒక పొర కలదు. ఆ పొర మందము మిల్లీమీటరులో సుమారు రెండులక్షలవ వంతు. మన శరీరమునకు చర్మము వంటిదని దీనిని చెప్పుట వాడుక. నాకు మాత్రము చెఱువుకట్ట యను పోలికయే ఎక్కువ సరియైనదిగా తోచును. కట్ట లోపలి నీటిని నిలుపును, కట్టకు తూములుండును, తూముల ద్వారమున కావలసినంత నీరే కావలసినప్పుడు పోవును. సూక్ష్మజీవి పొరయందును మాంసకృత్తులతో నైన తూములు వేలకొలదిగ నుండి, తిండిని లోనికి, మలినమును వెలికి నడపుచుండును. జీవి తన కార్యములకు వలయు శక్తిని పుట్టించుకొనుటలో పెద్ద భాగము ఈ పొర మీదనే జరుగును. కట్ట తెగిన చెఱువు గతి యేమో, పొర చిల్లిపడిన సూక్ష్మజీవి గతియు నదియే. లోపలి లవణములు కాఱిపోయి అది క్షణములలో నశించును.

ఈ కట్ట దేనితో కట్టబడినది? కొవ్వుతో. అయితే మన వంటింటి కొవ్వునకును దీనికిని చిన్న భేదము కలదు. గ్లిసరిన్ అను పదార్థము మూడు చేతులుగల మనిషి వంటిది. నేతియణువులో, నూనెయణువులో ఆ మూడు చేతులును మూడు కొవ్వుఆమ్లములను పట్టుకొనియుండును. సూక్ష్మజీవి పొరయందలి యణువులో రెండు చేతులు మాత్రమే కొవ్వుఆమ్లములను పట్టుకొనును. మూడవ చేత భాస్వరముతో కూడిన వేఱొక ముక్క యుండును. శాస్త్రజ్ఞులు ఈ ముక్కను తల యనియు, కొవ్వుఆమ్లములను తోకలనియు పిలుతురు. తలకు నీరన్న ప్రీతి. తోకలకు నీరన్న గిట్టదు. ఇట్టి యణువులను నీటిలో వేసినచో ఎవరును చెప్పకయే అవి రెండు వరుసలుగ తీరును. ఇద్దరు మనుష్యులు అరికాలికి అరికాలు ఆనించి పండుకొన్నట్లు, తోకలన్నియు నడుమకు చేరును, తలలన్నియు రెండు ప్రక్కల నీటివైపునకు తిరుగును. ఇదియే జంటపొర. ఒక్క ఈకొలైలో ఇట్టి యణువులు సుమారు రెండుకోట్లు ఉండును.

పొర జంటదే యని 1925వ సంవత్సరమున హాలండు దేశమందలి లైడెను నగరమున గోర్టరు, గ్రెండెలు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు తెలిపిరి. వారు ఎఱ్ఱరక్తకణములనుండి కొవ్వును తీసి, నీటిమీద ఒక్క వరుసగ పఱచి కొలిచిరి. ఆ విస్తీర్ణము కణముల పైభాగపు విస్తీర్ణమునకు రెండింతలున్నదని వారి లెక్క. ఆ లెక్కలో రెండు తప్పులున్నవనియు, ఒకటి రెండవదానిని సరిచేసినదనియు పిమ్మట తేలినది. అయినను వారు చెప్పినమాట నిలిచినది. శాస్త్రమునందును అప్పుడప్పుడు ఇట్టి అదృష్టము కలుగును.

అదే 1925వ సంవత్సరమున, సముద్రములకు ఆవల, మన తెలుగువాడొకడు ఈ కొవ్వులను లెక్కించుటకు వలయు కొలబద్దను లోకమునకిచ్చెను. ఆయనయే యెల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మద్రాసున వైద్యము చదివి, 1923లో అమెరికాలోని బోస్టను నగరమునకు చేరినవాడు. అచ్చటి హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కు అను నాతనితో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కనిపెట్టు నొక పద్ధతిని ఏర్పఱచెను. ద్రవములో కొన్ని లవణములను చేర్చగనే నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత యెక్కువయున్న రంగంత చిక్కనగును. రంగును కొలిచినచో భాస్వరమును కొలిచినట్లే.

దీనికిని కొవ్వుపొరకును సంబంధమేమని మీరడుగవచ్చును. పొరయందలి అణువులలో చాలవానికి తలకొక భాస్వరము చొప్పున నుండునని చెప్పితిని గదా. సంతలో తలపాగాలను లెక్కించి మగవారి సంఖ్య చెప్పినట్లు, భాస్వరమును లెక్కించి కొవ్వుయణువుల సంఖ్యను చెప్పవచ్చును. 1959లో బార్ట్‌లెట్ అను నాతడు సుబ్బారావుగారి పద్ధతినే కొంత మార్చి కొవ్వులకు అనువుగ చేసెను. లోకమందలి ప్రయోగశాలలలో ఇది నేటికిని వాడుకయందున్నది. సుబ్బారావుగారి పేరు మన పల్లెలలో ఫోలిక్ ఆమ్లము మూలమునను, బోదకాలునకిచ్చు మందు మూలమునను తెలిసినవారు కొందఱు కలరు. ఈ నీలిరంగు సంగతి తెలిసినవారు చాల తక్కువ. నా మట్టుకు నాకు ఆయన పనులన్నిటిలోను ఇదియే మిక్కిలి నిరాడంబరమైనదియు, మిక్కిలి దూరము నడచినదియునని తోచుచున్నది.

ఇక నేతిగిన్నె సంగతికి వత్తము. కొవ్వుఆమ్లమనగా బొగ్గుధాతువు, అనగా కర్బనపు పరమాణువులు గొలుసుగ కూర్చిన పొడవైన తోక. పామిటిక్ ఆమ్లములో అట్టివి 16 కలవు. ఈ గొలుసు తిన్ననిది. కొన్ని కొవ్వుఆమ్లములలో గొలుసు నడుమ ఒకచోట ఉదజని రెండు పరమాణువులు తక్కువపడి, అచ్చట ఒక వంకర యేర్పడును. అడవినుండి కట్టెలమోపు తెచ్చినవారికి నేను చెప్పవలసిన పనిలేదు. తిన్నని కట్టెలు ఒకదానినొకటి ఒరసికొని గట్టిమోపగును. వంకరకట్టెల మోపులో ఎంత బిగించినను సందులుండును. నేతిలో తిన్నని తోకలు హెచ్చు. కావున చలికి అవి దగ్గఱగ చేరి గడ్డకట్టును. నువ్వుల నూనెలో, కుసుమనూనెలో వంకరతోకలు హెచ్చు. కావున అవి సులభముగ గడ్డకట్టవు. కొబ్బరినూనెలో తోకలు పొట్టివైనను తిన్ననివి. అందుచేతనే అది 24 డిగ్రీల దరికి వచ్చునప్పటికే పేరుకొనును.

సూక్ష్మజీవి పొర నేతివలె గడ్డకట్టినచో అందలి తూములు బిగిసికొనిపోవును; తిండి లోనికి రాదు. మిక్కిలి పలుచనైనచో లోనివస్తువులు కాఱును. కాబట్టి పొర ఎల్లప్పుడు వెన్నకును నూనెకును నడుమనుండు మెత్తదనమున నిలువవలెను. మనకు చలివేసిన గొంగడి కప్పుకొందుము, కుంపటి రాజేసికొందుము. సూక్ష్మజీవికి గొంగడి యెక్కడిది? అది తన కొవ్వునే మార్చుకొనును. వేడి తగ్గినకొలది తిన్నని తోకలను తగ్గించి వంకరతోకలను హెచ్చించును. వేడి హెచ్చినకొలది మరల తిన్నని తోకలను పెంచును. ఈకొలై ఇట్లు చేయుచున్నదని 1962లో మారు, ఇంగ్రహాము అనువారు చూపిరి. 1974లో సినెన్‌స్కీ అను నాతడు వేర్వేఱు వేడిమిలలో పెరిగిన ఈకొలై పొరల మెత్తదనమును కొలిచి, పెరిగినచోటి వేడిమియందు అవి యన్నియు ఇంచుమించుగ సమానమైన మెత్తదనము గలవని కనుగొనెను. నేయియే నూనెగను, నూనెయే నేయిగను తన్నుతాను మార్చుకొనుట యన్నమాట!

మన యింటి పెరుగులో నుండు లాక్టోబాసిల్లసు జాతివారిది మఱొక తీరు. అవి వంకరయున్నచోట ఇంకొక కర్బనపు పరమాణువును చేర్చి చిన్న ముక్కోణపు ముడి వేయును. ఈ వింత కొవ్వుఆమ్లమును హాఫ్‌మను, లూకాసు అనువారు 1950లో వివరించిరి. దానికి ఆ జాతి పేరుమీదనే లాక్టోబాసిల్లిక్ ఆమ్లమని పేరు. చలికాలమున పెరుగు తోడుకొనక ఆలస్యమగుట పొర వలననేయని చెప్పుట సరికాదు. చలిలో వాని కార్యములన్నియు మందగించును. అయినను పాలు గోరువెచ్చన చేసి, గిన్నెకు గుడ్డ చుట్టి, పొయ్యి ప్రక్కన పెట్టు మన ఆడువారి జాగ్రత్త ఈ శాస్త్రమునకు ఏమాత్రమును విరుద్ధము కాదు.

మన దేశమునకు సంబంధించిన గొప్ప ముచ్చట యొకటి ఇచ్చట చెప్పవలసియున్నది. 1977లో హైదరాబాదున సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ అను పరిశోధనాసంస్థ ఏర్పడినది. దానినే అందఱు సీసీఎంబీ యందురు. అచ్చటి శాస్త్రజ్ఞుడు ఎస్. శివాజీగారును, ఆయన సహచరులును భూమికి దక్షిణపు కొనయందలి అంటార్కిటికా ఖండపు మట్టినుండి సూక్ష్మజీవులను తెచ్చి పెంచిరి. అంత చలిగల ఆ నేలలోను జీవులు కలవనుటయే వింత. అందొకదానికి 1992లో స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అని పేరు పెట్టిరి. అదే సంస్థలోని ఎం. వి. జగన్నాధముగారు మున్నగువారు ఆ చలిదేశపు జీవుల రంగులను పరీక్షించిరి. క్యారెటునకు ఎఱ్ఱదనమిచ్చు జాతికి చెందిన రంగులు ఆ జీవుల పొరలలో కొవ్వుతోకల నడుమ చేరి, పొర మఱీ పలుచబడకుండ పట్టియుంచునని వారు తెలిపిరి. చలికి గడ్డకట్టకుండ వంకరతోకలును, ఆ వంకరతోకల వలన పొర వదులు కాకుండ రంగులును! సూడోమోనాసు అను మఱియొక చలిజీవియందు శివాజీగారి బృందము ఇంకొక ఉపాయము చూచినది. హఠాత్తుగ వేడి తగిలినచో అది క్రొత్తకొవ్వును తయారుచేయువఱకు ఆగక, ఉన్న వంకరతోకనే మెలిత్రిప్పి ఇంచుమించుగ తిన్ననిదానిగ చేయును. మెదకు చలిలో నేయి గడ్డకట్టుటను చూచిన మనకు, మంచుఖండపు జీవుల కొవ్వు గడ్డకట్టకుండుటకు గల కారణము ఇరుగున నున్న హైదరాబాదులోనే తేలినదన్న సంతోషము కలుగవలదా?

ఇంతవఱకు తోకల సంగతి. అసలు భయము తలల వద్ద నున్నది.

ఈకొలై మొదలగు కొన్ని సూక్ష్మజీవులకు చెప్పిన పొర కాక వెలుపల ఇంకొక పొర కూడ కలదు. సన్నిపాతజ్వరము, అనగా టైఫాయిడు కలిగించు జీవియు ఈ జాతిదే. ఆ వెలిపొరలో పైవరుసన లిపిడ్ ఏ అను నొక వింత కొవ్వు కలదు. దానికి రెండు తోకలుగాక ఈకొలైలో ఆఱు తోకలుండును; తలయందు రెండు భాస్వరపు ముక్కలుండును. ఈ ముక్కలు ఋణవిద్యుత్తు కలవి గనుక ఒకదానినొకటి తోసికొనును. వానిని కలిపియుంచునది ఏమన, సున్నమునకు మూలధాతువైన కాల్షియమును, మెగ్నీషియమును. రాతికి రాతికి నడుమ గచ్చు పెట్టినట్లు అవి తలకు తలకు నడుమ కూర్చుండును. చనిపోయిన జీవులనుండి ఈ లిపిడ్ ఏ మన రక్తములో చేరినచో తీవ్రమైన జ్వరము వచ్చును. హెచ్చయినచో రక్తపుపోటు పడిపోయి మనిషి చనిపోవచ్చును.

1947లో పాలీమిక్సినులను మందులు బయటపడినవి. కొంత కాలమునకు జపానుదేశమున దొరకిన కొలిస్టిను ఆ కుటుంబములోనిదే. ఇవియు మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసికొను వస్తువులే. కొలిస్టిను అణువునకు ధనవిద్యుత్తుగల ముడి యొకటి, చిన్న కొవ్వుతోక యొకటి కలవు. ముడి పోయి తలల నడుమనున్న సున్నపుగచ్చును త్రోసివేసి తాను కూర్చుండును. తోక పొరలోనికి దూఱును. గచ్చు ఊడిన గోడవలె పొర చెదరి జీవి చచ్చును. మందు గొప్పదే గాని మూత్రపిండములకు హానిచేయునను కారణమున 1970వ దశాబ్దమునుండి వైద్యులు దీనిని చాలవఱకు విడిచిరి. తరువాత తక్కిన మందులకు లొంగని సూక్ష్మజీవులు ఆసుపత్రులలో ప్రబలగా, గతిలేక మరల దీనినే చేతబట్టిరి. తీవ్రచికిత్సాగృహములో తక్కిన మందులు పని చేయని రోగికి ఇచ్చు చివరి మందులలో ఇదియొకటి.

ఇట్టిదానిని కోళ్లకును, పందులకును, చేపల చెఱువులకును వాడిరి. రోగము వచ్చినప్పుడు మాత్రమే కాదు. రోగము రాకుండుటకును, బరువు పెరుగుటకును దాణాలో కొంచెము కొంచెముగ కలిపిరి. ఈ అలవాటు పుట్టినచోటు కూడ మన కథకు దూరమైనది కాదు. సుబ్బారావుగారు పరిశోధనలకు అధ్యక్షులుగ నున్న లెడర్లే సంస్థయందు డగ్గరు అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న ఆరియోమైసిను 1948లో వెలువడినది. ఆ యేటి ఆగష్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. ఆ సంస్థలోనే జ్యూక్సు, స్టాక్‌స్టాడు అనువారు ఆరియోమైసిను మిగులుపిప్పిని తిన్న కోడిపిల్లలు త్వరగ బరువెక్కుచున్నవని కనుగొనిరి. 1950లో ఆ వార్త లోకమంతట వ్యాపించినది. మనిషిని బ్రదికించుటకు పుట్టిన మందు కోడిని లావు చేయుటకు దిగినది.

దాణాలో కొద్దికొద్దిగ మందు వేసినప్పుడు ఏమగును? బలహీనమైన జీవులు చచ్చును. తల మార్చుకొన నేర్చిన జీవులు మిగులును. 2015 నవంబరులో చీనాదేశపు శాస్త్రజ్ఞులు అచ్చటి పందులయందును, మాంసమునందును, రోగులయందును ఉన్న ఈకొలైలో ఎంసీఆర్-1 అను నొక జన్యువును ప్రకటించిరి. అది చేయు పని వినుడు. జీవి తన పొరలో హెచ్చుగనుండు ఫాస్ఫాటిడిల్ ఇథనాలమీను అను కొవ్వు తలను కోసి తీసి, లిపిడ్ ఏ తలకు తగిలించును. అంతటితో ఆ తలయందలి ఋణవిద్యుత్తు తగ్గును. కొలిస్టిను వచ్చి చూచును. పట్టుకొనుటకు పట్టు దొరకదు. చలికి తోకలు మార్చుకొన్న నేర్పే ఇచ్చట తలలు మార్చుకొను నేర్పయినది. ఇంకను కీడేమనగా, ఈ జన్యువు జీవి ప్రధానసూత్రమున గాక విడిగానుండు చిన్న వలయముపై నుండును. ఇరుగుపొరుగువారికి చేబదులిచ్చినట్లు ఒక జీవి దానిని మఱియొకదానికి ఇచ్చివేయును. వేఱుజాతి జీవికైనను ఇచ్చును. కోడి ప్రేవులలో పుట్టిన నేర్పు, కోళ్లయెరువుతో చేనికి పోయి, వాననీటితో వాగునకు పోయి, తుదకు మనిషి ప్రేవులలోని జీవికి చేరవచ్చును.

నిరాశపడవలసినది మాత్రము లేదు. చీనాలో 2017నుండి దాణాయందు కొలిస్టినును నిషేధించిరి. తరువాతి యేండ్లలో పరీక్షింపగా పందులలోను, మనుష్యులలోను ఆ జన్యువుగల ఈకొలై చాల తగ్గినవని తేలినది. తల మార్చుకొనుట జీవికి ఊరకనే అబ్బునది కాదు. మందులేనిచోట ఆ మార్పు దానికి బరువగును. మార్పులేని జీవులు దానిని దాటిపోవును. మన ప్రభుత్వమువారు 2019 జూలైలో, ఆహారముకొఱకు పెంచు పశువులకు, కోళ్లకు, చేపలు రొయ్యల చెఱువులకు, దాణాకు ఉపయోగించు కొలిస్టినును తయారుచేయుట, అమ్ముట, పంచుట నిషేధించిరి. మెదకుచుట్టుప్రక్కల కోళ్లషెడ్లు లేని త్రోవ అరుదు గనుక ఈ ఆజ్ఞ మన పల్లెలకు పరాయి సంగతి కాదు.

కోడికూర మానుమని నేను చెప్పుట లేదు. బాగుగ ఉడికిన కూరలో ఈ జీవులు బ్రదుకవు. పచ్చిమాంసము కోసిన చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడుగవలెను. సబ్బణువునకును ఒక తల, ఒక తోక కలవు. అది జిడ్డును విడదీసి, దానితోపాటు జీవులను నీటిలో కొట్టుకొనిపోవునట్లు చేయును. కోళ్లుగాని, గేదెలుగాని జబ్బుపడినప్పుడు అంగడివాడిచ్చిన పొట్లము కంటె పశువైద్యుడు వ్రాసిచ్చిన మందే మేలు. అదియు ఆయన చెప్పినన్ని దినములే వేయవలెను. ఇక ఆ 2019 ఆజ్ఞ ప్రకారము, మనుష్యులకై తయారగు కొలిస్టిను డబ్బామీదను ఆహారపుపశువులకు, కోళ్లకు, చేపల చెఱువులకు, దాణాకు వాడరాదని అచ్చువేయవలసియున్నది. ఆ యచ్చు సాధారణముగ ఇంగ్లీషులో నుండును. షెడ్డులోనికి క్రొత్తమందు వచ్చినప్పుడు, బడికిపోవు మనుమనిచేతనో మనుమరాలిచేతనో డబ్బామీది పేర్లన్నియు ఒక్కసారి చదివించుకొనుడు. అందు కొలిస్టిన్ అను మాట వినబడినచో మూత తీయక, దానిని పశువైద్యశాలకు పంపుడు.